పెద్ద బావ అలిగిన మధ్యాహ్నం

పెద్ద బావ పోయాడని ఇపో నుంచి ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను అన్నం తింటున్నాను. కబురు విని, ఫోన్ పెట్టేసి, మళ్ళీ కంచం ముందు కూర్చుని ఆఖరి ముద్ద దాకా తిన్నాను. మా ఆవిడ తెల్లబోయింది. “ఏటిది, మనిషి పోనాడంటే సెయ్యి కడుక్కోరా?” అంది. ఇంకెవరైనా అయితే కడుక్కునేవాణ్ణే. “ఎవడు పోయినా ముద్ద ఒగ్గీకు బావా. పోయినోడికి ఎలాగూ ఆకలుండదు, నువ్వేటి పాపం సేసినావు?” అని నాకు నేర్పినవాడే పోయాడు. ఆయన మాట ఆయన పోయిన రోజే తప్పడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆయన పేరు రాయను. రాసినా ఆనాటి వాళ్ళెవరికీ తెలియదు. కాలేజీలో హాజరు పిలుస్తుంటే తన పేరుకి తనే పలికేవాడు కాదు, పక్కవాడు మోచేత్తో పొడవాలి. ‘పెద్ద బావా’ అని వీధి చివర నుంచి పిలిస్తే మాత్రం స్నానం మధ్యలోనైనా తువ్వాలు చుట్టుకుని వచ్చేసేవాడు.

అప్పట్లో కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో, రైల్వే క్వార్టర్ల వెనక, ఒక చెక్కమేడ ఉండేది. కింద ఇంటావిడ, పైన కాలేజీల్లో చదువుకునే కుర్రాళ్ళం. మేడకి బోర్డు లేదు గానీ ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ అది ‘బావల మేడ’. అక్కడ ఎవరినీ అన్నా అనకూడదు, తమ్ముడూ అనకూడదు. అందరూ అందరికీ బావలే. ఇంటావిడ అందరికీ అత్త. రైల్వేలో పనిచేసిన భర్త పోయాక ఆవిడ మేడ మీద గదులు మాకిచ్చి, మా తిండీ మా తిట్లూ రెండూ చూసుకునేది.

ఈ ఏర్పాటంతా పెద్ద బావదే. దానికి ఆయన దగ్గర సిద్ధాంతం కూడా ఉండేది. “అన్నదమ్ములంటే పంపకాలొస్తాయి. సావాసగాళ్ళంటే రేపు రైలెక్కితే మర్సిపోతారు. బావలనుకో, సచ్చేదాకా ఒకడ్నొకడు ఎక్కిరించుకోవచ్చు, కోపం తెచ్చుకోడానికి హక్కు నేదు. ఇంతకన్న మంచి సంఘం ఏ తెల్లోడు పెట్టగలడు సెప్పు లా!” అనేవాడు. మాట చివర ఆ మలయ్ ‘లా’ తగిలిస్తే ఇక వాదన ముగిసినట్టే లెక్క.

నేను ఆ మేడ మెట్లెక్కింది మెర్డేకా వచ్చిన సంవత్సరం మొదట్లో. మెర్డేకా అంటే మలయాకి స్వతంత్రం. అది ఆగస్టు చివర్లోనని అందరికీ తెలుసు, అయినా కమ్యూనిస్టుల తిరుగుబాటు అణచడానికి పెట్టిన ఎమర్జెన్సీ మాత్రం పోలేదు. హుటాన్ మెలింటాంగ్ దగ్గర మా కొబ్బరి ఎస్టేటు చుట్టూ ముళ్ళకంచె, సాయంత్రమైతే గేటు మూత. అడవిలో ఉన్నవాళ్ళకి తిండి చేరుతుందేమోనని గేటు దాటి ఒక్క మెతుకు పోనిచ్చేవారు కాదు. మా అమ్మ దారికి కట్టిచ్చిన పులిహోర గార్డు అక్కడే తీయించేశాడు. ఖాళీ కడుపుతో, గుర్తింపు కార్డు చేత పట్టుకుని, చెక్‌పోస్టుకొకసారి బస్సు దిగి ఎక్కుతూ కౌలాలంపూర్ చేరాను.

టెక్నికల్ కాలేజీలో నా సీటు ఎస్టేటు మేనేజరు దొర సిఫారసుతో దొరికింది. షరతు ఒక్కటే: మొదటి ఏడు ఒక్క సబ్జెక్టు తప్పినా ఇంటికి వెళ్ళిపోవాలి. ఎస్టేటు కూలీల లైనిళ్ళలోంచి వచ్చి కాలేజీ మొహం చూసినవాణ్ణి నేనే. నేను తిరిగొస్తే కొబ్బరికాయలు ఒలిచే చోట మా నాన్న పక్కనే నాకూ ఒక గునపం సిద్ధంగా ఉంటుంది. పని తప్పేమీ కాదు, కానీ నాన్న మొహం ఎలా చూడాలి?

ఈ దిగులంతా ట్రంకుపెట్టెతో సహా మోసుకుంటూ మెట్లెక్కితే గుమ్మంలో లుంగీ కట్టుకున్న భారీ మనిషి చేతులు అడ్డంగా చాచి నిలబడ్డాడు. కుడి మీసం కొస నల్లగా తడిగా మెరుస్తోంది. డ్రాయింగు సిరా వేళ్ళతోనే మీసం మెలేయడం పెద్ద బావ అలవాటని తరవాత తెలిసింది.

“పేరు సెప్పు,” అన్నాడు.

చెప్పాను.

“నీ పేరెవడికి కావాల? పెళ్ళాం పేరు సెప్పు.”

“నాకు పెళ్ళి కానేదండి.”

“కాలేజీలో సేరినావా నేదా? ఏటేటి సదవాల?”

లెక్కలు, మెకానిక్స్, డ్రాయింగు, సర్వేయింగు, కట్టుబడి సామాన్లు, మలయ్ భాష, పైన వర్క్‌షాపు అని అప్పజెప్పాను. ఆయన కళ్ళు పెద్దవి చేసి కిందికి వంగి కేకేశాడు. “అత్తా! ఈడు ఒక్కడే అనుకుని గది సర్దినాం, ఇంటినిండా పెళ్ళాల్ని కట్టుకుని దిగినాడే!”

“ఆళ్ళందరికీ వొండడం నా వల్ల కాదు,” అని కింద నుంచి అత్త గొంతు. “ఆడికి పెడతాను, ఆళ్ళని ఆడ్నే పోషించుకోమను!”

మన పెళ్ళిళ్ళలో కొత్త జంటను గుమ్మంలో ఆపి పేర్లు చెప్పిస్తారు కదా, అదే ఆ మేడలో చేరడానికి మొదటి పరీక్ష. “నేను, నా భార్యలు లెక్కలు, మెకానిక్స్, డ్రాయింగు, సర్వేయింగు...” అంటూ మొత్తం జాబితా సిగ్గుతో చచ్చిపోతూ చదివితే గాని తలుపు వదల్లేదు. లోపలికి వెళ్ళాక ఉప్పు కలిపిన కాఫీ ఇచ్చారు. తాగాను. మర్నాడు చూస్తే నా చెప్పులు లేవు. మొదటి రోజు మొదటి క్లాసుకి పెద్ద బావ చెప్పులేసుకుని, అడుగడుక్కీ అవి నా పాదాల్ని వదిలి ముందుకు పోతుంటే ఈడ్చుకుంటూ వెళ్ళాను. సాయంత్రం నా చెప్పులు బియ్యం డబ్బాలో దొరికాయి. ఆ రాత్రి భోజనాల దగ్గర అందరూ నన్ను ‘చిన్న బావ’ అన్నారు. ఇల్లు వదిలొచ్చాక కడుపునిండా నవ్వింది అదే మొదటిసారి.

ఆయన నడతా తీరూ గురించి చెప్పాలంటే తెల్లారుతుంది. ఏ గదిలోకి అడుగు పెట్టేముందైనా రెండు చప్పట్లు కొట్టేవాడు. గదిలో ఎవరూ లేకపోయినా సరే. “దెయ్యాలకి మాత్రం మర్యాదుండదేటి? గుడ్డలు సర్దుకోడానికి టైమివ్వాల,” అనేవాడు. ఎవరైనా కంగారు పడుతుంటే ఆయన నోట వచ్చే మాట ఒక్కటే: “తొందరేటి బావా, లగ్గం దాటిపోతాదా?” బస్సు తప్పిపోతున్నా అదే, పోలీసులు తలుపు తట్టినా అదే. తండ్రి రైల్వే గుమాస్తా. ఆయన ఇపోకి బదిలీ అయిపోయినా కొడుకు మాత్రం కాలేజీ పేరు చెప్పి బ్రిక్‌ఫీల్డ్స్‌లోనే స్థిరపడ్డాడు. మూడేళ్ళ చదువులో మిగిలినవన్నీ ఎప్పుడో గట్టెక్కాడు. మొదటి ఏటి సర్వేయింగు ఒక్కటే ఏటేటా ఆయన్ని పట్టుకుని వేలాడేది. ఆయనా దాన్ని విడిపించుకోడానికి పెద్దగా గింజుకునేవాడు కాదు.

అందుకని సర్వేయింగు క్లాసుకి మాత్రం మాతోపాటే వచ్చేవాడు. ఒకసారి పట్నం శివార్లో కొలతలు తీస్తుంటే జీపులో సిపాయిలు దిగారు. ఎర్ర తెలుపు చారల కర్రలు, మూడుకాళ్ళ స్టాండు మీద దుర్భిణి, రబ్బరు తోట అంచున గుంపుగా మేము. ఆ రోజుల్లో అనుమానానికి అంతకన్నా ఏం కావాలి? మేం చేతులు పైకెత్తేశాం. పెద్ద బావ మాత్రం అంకెలు గీసిన పొడుగాటి కొలబద్ద తీసుకెళ్ళి ఒక సిపాయి చేతిలో పెట్టి, దూరంగా చెట్టు చూపించి, మలయ్‌లో “అక్కడ నిలబడు, నిటారుగా పట్టుకో, ఊగకు,” అన్నాడు. ఆ అబ్బాయి తుపాకీ భుజాన వేసుకుని బుద్ధిగా వెళ్ళి నిలబడ్డాడు! మిగతా సిపాయిలు దుర్భిణిలోంచి వాణ్ణి చూసి నవ్వుకుని, సాయంత్రం దాకా మాకు కర్రలు మోసి పెట్టారు. అంతా అయ్యాక చూస్తే పెద్ద బావ రాసుకున్న అంకెలన్నీ తప్పు. సర్వేయింగు ఆయన్ని ఎందుకు వదల్లేదో అప్పుడర్థమైంది.

బావల మేడకి ఉన్న నియమాల్లో అన్నిటికన్నా గొప్పది అలక. కొత్త అల్లుడు అత్తారింట్లో మంచమెక్కి, అడిగింది ఇచ్చేదాకా దిగనని మొండికేస్తాడే, ఆ అలక. ప్రతి బావకీ మేడలో ఉన్నంత కాలంలో ఒక్కసారి అలిగే హక్కుంది. నడవలో నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటే చాలు, ఏం కావాలో కనుక్కుని మిగతావాళ్ళంతా కలిసి తీర్చాలి. ఒకతను అలిగి మేడ ముందుగది సంపాదించాడు. మాలో ఒక తమిళ బావ ఉండేవాడు, టీచర్ ట్రైనింగు చదివేవాడు. తన భాషలో బావని మచ్చాన్ అంటారు గనక అతనూ అర్హుడేనని పెద్ద బావ చేర్చుకున్నాడు. మేమంతా అతన్ని మచ్చాన్ అనే పిలిచేవాళ్ళం. అతను అలిగి, నెల పొడుగునా సాంబారు పుల్లగా చేయించుకున్నాడు. పెద్ద బావ ఒక్కడే తన అలకని అలాగే దాచుకున్నాడు. మెర్డేకా రోజుకి వెల్వెట్టు కాలరున్న సూటు అడుగుతాడని అందరి అంచనా. ఆయన కూడా టైలరు కొట్టు అద్దాల వెనక వేలాడే సూటు ముందు ఆగి నిట్టూర్చేవాడు.

మెర్డేకా వారంలో బ్రిక్‌ఫీల్డ్స్ స్కూలు మైదానంలో వేడుకలు చేస్తున్నారని, తెలుగువాళ్ళ తరఫున కోలాటం ఆడాలని మా మేడకి కబురొచ్చింది. ఊరి తెలుగు సంఘం పెద్ద ఒక మాస్టారు, ఆయనే దేశం మీద పాట రాసిచ్చాడు. ఇక రోజూ సాయంత్రం పెరట్లో సాధన. నాకు కోలలు చేతికొస్తే ఒళ్ళు తెలిసేది కాదు. మా ఎస్టేటులో రామభజన నాడు ఆడీ ఆడీ అలవాటు. అందుకే పెద్ద బావ నన్ను తనకి ఎదురు జోడీగా పెట్టాడు. అది మేడలో పెద్ద గౌరవం.

గౌరవం బాగానే ఉంది, చదువు అటకెక్కింది. పగలంతా క్లాసులు, వర్క్‌షాపు. సాయంత్రం కోలాటం. తరవాత పుస్తకం తెరిస్తే కళ్ళు మూతలు. నెల పరీక్షల్లో మెకానిక్స్, సర్వేయింగు రెండూ పోయాయి. ప్రిన్సిపాల్ పిలిచి, అసలు పరీక్షలో ఇలాగే ఉంటే బస్సు టైములు చూసుకోమన్నాడు. మేడలో ఉంటే సీటు ఉండదు, సీటు కావాలంటే మేడ వదలాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం పుస్తకాలు కట్టగట్టి పెద్ద బావ దగ్గరికి వెళ్ళాను. ఆయన విస్తరి ముందు కూర్చుని అత్త కోడికూర తెచ్చే దాకా ఉత్త అన్నం గెలుకుతున్నాడు.

“నాను కాలేజీ హాస్టలుకి పోతాను బావా. ఇక్కడుంటే పాసవ్వలేను.”

“బావతనానికి రాజీనామా నేదు,” అన్నాడు తలెత్తకుండా. “పెళ్ళాం పుట్టింటికెల్లిపోయినా బావమరిది బావమరిదే.”

“పరాసికం కాదు బావా. నాను పెయిలైతే మా అయ్య మొకం సూడ్లేను.”

ఆయన అప్పుడు తలెత్తాడు. నా మొహమూ చూశాడు, పుస్తకాల కట్టా చూశాడు. చెయ్యి కడుక్కుని, నడవలోకి నడిచి, నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మేడంతా గొల్లుమంది. “పెద్ద బావ అలిగినాడు! పెద్ద బావ అలిగినాడు!” అందరూ మంచం చుట్టూ చేరారు. ఆయన అడక్కముందే అవీ ఇవీ ఇస్తామనడం మొదలెట్టారు. సూటా? తల అడ్డంగా ఊపాడు. గ్రామఫోనా? ఊహూ. ముందుగదా? ఊహూ. మచ్చాన్ కాళ్ళు పట్టుకుని “సాప్పిడుంగ మచ్చాన్, సాప్పిడుంగ,” అని తమిళంలో అన్నం తినమని బతిమాలాడు. కోడికూర వాసన మేడంతా కమ్మేసింది. ఆయన ముక్కు గోడకేసి మరింత అదుముకున్నాడు గాని కదల్లేదు. అంత తిండిపోతు విస్తరి ముందు నుంచి లేచి పడుకున్నాడంటే అది ఎంత పెద్ద అలకో మాకు తెలుసు.

చివరికి అత్తే గిన్నె పట్టుకుని పైకి వచ్చింది. “ఏటి కావాల నాయినా? నోరు తెరిసి సెప్పు, కూర సల్లారిపోతంది.”

ఆయన గోడతోనే చెప్పాడు. “చిన్న బావ పాసవ్వాల. కోలాటమూ ఆడాల. నాకు రెండూ కావాల.”

“అదెలాగ అవుతాది?” అన్నాం అందరం.

“నాకేటి తెలుసు? అలిగినోడు అడుగుతాడు. ఇచ్చుకోడం మీ తలనొప్పి.”

 ఆ సూటు ముందు ఆయన ఎన్నిసార్లు ఆగాడో నేను చూశాను. జీవితంలో ఒక్కసారి వచ్చే అలకని, పరిచయమై ఏడాదైనా కాని ఎస్టేటు కుర్రాడి కోసం ఖర్చు పెట్టేశాడు. అక్కడే నిలబడి ఏడ్చేశాను. “ఏడిస్తే ఉప్పు ఎక్కువవుతాది, కూరకి దూరంగా ఏడు,” అంది అత్త.

దారి చూపించింది మచ్చాన్. పిల్లలకి ఎక్కాలు పాట కట్టి చెబితే పట్టుబడతాయి కదా, చిన్న బావ పాఠాలు కూడా కోలాటం పాటలోకి ఎక్కించేద్దాం అన్నాడు. ఆడేది ఎలాగూ ఆడాలి, నోరు ఊరికే ఉండకుండా పాఠం పాడుతుంది.  గోడ వైపున్న ఆ పెద్ద శరీరం మెల్లగా ఇటు తిరిగింది.

“రెక్క ఉన్నాదా, అందరూ తినీసినారా?” అన్నాడు.

ఆ సాయంత్రం నుంచే మొదలు. నేను పుస్తకంలోంచి విషయం చెబితే, పెద్ద బావ దాన్ని చరణం చేసేవాడు. మాస్టారు రాసిచ్చిన పాట బాణీ అదే, దెబ్బలు అవే, మాటలు మాత్రం మావి.

గొలుసు లాగు గొలుసు లాగు వంగనీకు బావా
వంగెనంటె కొలత పెరిగి కొంప మునుగు బావా
వెనక చూపు లోన ముందు చూపు తియ్యి బావా
మిగిలితేను మెరక బావా, తరిగితేను పల్లం బావా

వెనక పెట్టిన కొలబద్ద మీది అంకెలోంచి ముందు పెట్టినదాని అంకె తీసెయ్యడం, భూమి ఎత్తుపల్లాలు కట్టే సూత్రం అంతే. అది నాకు నెలల తరబడి ఎక్కలేదు, రెండు సాయంత్రాల్లో కాళ్ళలోకి దిగిపోయింది. తరవాత మెకానిక్స్ వచ్చింది. బరువు మోసే దూలం ఎక్కడ ఎక్కువ వంగుతుందో పాడుతూ వంగేవాళ్ళం. మలయ్ పాఠాలు కూడా అందులోనే పడ్డాయి. టీచర్ ట్రైనింగువాడు, రైల్వే ఆఫీసులో టైపు నేర్చుకునేవాడు, అందరికీ సర్వేయింగు నోటికొచ్చేసింది. అత్త పప్పు రుబ్బుతూ కూడా “వెనక చూపు లోన ముందు చూపు” అని పాడుకునేది. చదువుకోవడం అంత సంతోషంగా ఉంటుందని నాకు అంతకు ముందు ఎవరూ చెప్పలేదు. “సదువు అత్తారిల్లు బావా, మేడ పుట్టిల్లు,” అనేవాడు పెద్ద బావ, చెమట తుడుచుకుంటూ. “ఏదో ఒకటి ఒగ్గీమంటే ఏ ఆడకూతురు బతుకుతాది? రాకపోకలుండాల.”

ఆగస్టు మొదట్లో పరీక్షలు. మిగతావన్నీ బాగానే రాశాను. సర్వేయింగు రోజు హాల్లో ఈ చివర నేను, ఆ చివర పెద్ద బావ. ప్రశ్న చూడగానే పాట గుర్తొచ్చింది. పాట గుర్తొస్తే దెబ్బ లేకుండా మాట రాదు. నాకు తెలియకుండానే రెండు పెన్సిళ్ళు పుచ్చుకుని బల్ల మీద మెల్లగా టక్ టక్‌టక్ అనడం మొదలెట్టాను. ఆ మూల నుంచి అదే వరసలో టక్ టక్‌టక్! ఎదురు జోడీ కదా, నేను కొడితే ఆయన అందుకోవడం, ఆయన కొడితే నేను అందుకోవడం చేతులకి అలవాటైపోయింది. హాలంతా నిశ్శబ్దంగా ఉంది, మా పెన్సిళ్ళు తప్ప.

ఆ రోజు కాపలా ఉన్న తెల్ల లెక్చరరు యుద్ధంలో సైన్యానికి తంతి సందేశాలు పంపే పని చేసినవాడు. చప్పుళ్ళతో మాట్లాడుకోవడం ఎలాగో అతనికి బాగా తెలుసు. నిలబడి కాసేపు విన్నాడు. నా దగ్గరికి వచ్చాడు, ఆయన దగ్గరికి వెళ్ళాడు. కాగితాలు రాయనిచ్చాడు గాని, గంట కొట్టగానే ఇద్దర్నీ ప్రిన్సిపాల్ గదికి తోలాడు. రహస్య సంకేతాలతో జవాబులు చేరవేసుకున్నారని ఆరోపణ.  ఫెయిలైతే బస్సు, కాపీ అయితే దేశంలో ఏ కాలేజీ గుమ్మమూ తొక్కనివ్వరు. అది కూడా సంకేతాల నేరం, ఎమర్జెన్సీలో!

పెద్ద బావ ఆ గది గుమ్మంలో కూడా రెండు చప్పట్లు కొట్టి లోపలికి వెళ్ళాడు. ప్రిన్సిపాల్ బల్ల మీద రెండు రూళ్ళకర్రలు తీసుకుని, ఇంగ్లీషులో, ఇది మా నాట్యం సార్ అని మొదలెట్టాడు. పాటలో పాఠాలున్నాయని కూడా ఉన్నదున్నట్టు చెప్పేశాడు. నేను నేలలోకి దిగిపోయాను. లెక్చరరు ముందుకొచ్చి, “అంటే పాఠమే కదా కొట్టి పంపింది?” అన్నాడు.

“సార్, పాటలో చరణాలెన్నున్నా దెబ్బ ఒక్కటే,” అన్నాడు పెద్ద బావ. “వాడు ఏ చరణం కొడుతున్నాడో నాకు తెలిస్తే నేను ఇన్నేళ్ళు ఎందుకు తప్పుతాను?”

ప్రిన్సిపాల్ కిటికీ వైపు తిరిగి దగ్గాడు. నవ్వు దాచుకోడానికని నా అనుమానం. లెక్చరరు మాత్రం నవ్వలేదు. నాట్యమే అయితే ఎక్కడైనా ఆడి చూపించాలి, అన్ని చరణాలకీ దెబ్బ ఒకటో కాదో తన చెవులతో వినాలి, అప్పటిదాకా ఇద్దరి ఫలితాలూ ఆపాలన్నాడు. “మెర్డేకా వారంలో బ్రిక్‌ఫీల్డ్స్ మైదానానికి రండి సార్, కుర్చీ వేయిస్తాను,” అన్నాడు పెద్ద బావ.

మెర్డేకా ఉదయం వాన పడింది. వానలోనే అందరం తడిసి అరిచి గొంతులు పోగొట్టుకున్నాం. ఆ తరవాత మా కోలాటం రోజు. ఎండ కాసింది. మైదానం నిండా జనం, పతాకాలు, ఐస్ బండ్లు. మలయ్ వాళ్ళ తరవాత చీనావాళ్ళ సింహం ఆట, ఆ తరవాత మేము. ముందు వరస కుర్చీలో లెక్చరరు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఇవతల పక్క సంఘం మాస్టారు జరీ కండువా వేసుకుని తన పాట కోసం ఎదురు చూస్తున్నాడు. వెనక గుంపులో మా నాన్న. ఎస్టేటు నుంచి లారీ ఎక్కి వచ్చాడు. నా సీటు పీకల మీదికి వచ్చిందని ఆయనకి చెప్పలేదు.

ముందు మాస్టారి పాట పాడితే మర్యాద. లెక్చరరు లేచిపోకముందే పాఠం పాట పాడితే నా సీటు. పెద్ద బావ మధ్యలో నిలబడి కోలలు పైకెత్తి నాకేసి చూశాడు. “తొందరేటి అనను బావా ఈసారి,” అన్నాడు మెల్లగా. “లగ్గం ఇదే.” గొంతెత్తి అందుకున్నాడు: గొలుసు లాగు గొలుసు లాగు!

మాస్టారి కండువా జారిపోయింది. మేం మాత్రం ఆగలేదు. సర్వేయింగు, మెకానిక్స్, మలయ్ వ్యాకరణం, మొదటి ఏటి సిలబస్ మొత్తం ఆ మైదానంలో తిరుగుతూ, ఎగురుతూ, వంగుతూ పాడేశాం. అంత పెద్ద మనిషి నా ఎదురుగా దూదిలా తేలిపోతూ దెబ్బ దెబ్బకీ నవ్వుతున్నాడు. జనానికి ఒక్క ముక్క అర్థం కాలేదు గాని ‘బావా’ అన్నచోటల్లా ‘బావా!’ అని అరవడం నేర్చేసుకున్నారు. మూడో చరణానికి లెక్చరరు చేతులు విప్పాడు. ఐదోదానికి అతని బూటు నేల మీద అదే దెబ్బ కొడుతోంది. నేను చూశాను, పెద్ద బావ కూడా చూశాడు.

తరవాత మాస్టారి పాట కూడా పాడాం. ఆయన అలక తీర్చడానికి అత్త వారం రోజులు అరిసెలు మోసింది. మా నాన్న గుంపులోంచి వచ్చి నా భుజం తడిమి, “పాట బాగున్నాది. ఏ దేవుడి మీదిది?” అన్నాడు.

“భూదేవి మీదిది మావా,” అన్నాడు పెద్ద బావ వినయంగా. మా నాన్న చేతులెత్తి దండం పెట్టుకున్నాడు.

ఫలితాలు అంటించిన రోజు నేను కాలేజీ గేటు దాటి లోపలికి పోలేకపోయాను. “నువ్విక్కడే కూకో, నాను సూసొస్తాను,” అని ఆయనే వెళ్ళాడు. ఎంతసేపటికో తిరిగొచ్చాడు. తల వేలాడేసుకుని, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి నా పక్కన అరుగు మీద కూలబడ్డాడు.

“పోయింది బావా,” అన్నాడు.

ఆయన భుజం పట్టుకుని ఊపాను. “ఏటి పోయింది?”

“మేడ పోయింది. నన్ను పాస్ సేసీసినారు.”

“మరి నాను?”

ఆయన ఆశ్చర్యంగా నా వైపు చూశాడు. “నువ్వు పాసవకుండా నానెలాగ పాసవుతాను? ఇద్దరిదీ ఒకటే పాట కదేటి!”

నేను అరుగు మీంచి లేచి గేటు ముందు రోడ్డు మీదే గెంతులేశాను. సైకిళ్ళవాళ్ళు గంటలు కొట్టి తిట్టారు. ఆయన చప్పట్లు కొట్టాడు, నవ్వాడు, మళ్ళీ కూర్చున్నాడు. పాసైనవాడికి ఉద్యోగం సిద్ధంగా ఉంది. పహాంగ్ అడవుల్లో కొత్త రోడ్డు వేస్తున్నారు, అక్కడికి పోవాలి. మేడలో ఉండే హక్కు చదువుకునేవాళ్ళకే, ఆ నియమం ఆయనే పెట్టాడు. నా కోసం కట్టిన పాట ఆయన్ని కూడా గట్టెక్కించి ఇంట్లోంచి బయటికి నెట్టేసింది. అది అప్పుడు తట్టింది నాకు. గెంతడం మానేసి వచ్చి పక్కన కూర్చున్నాను.

“అడివి బావా,” అన్నాడు. సిపాయిలకి, ప్రిన్సిపాల్‌కి, దెయ్యాలకి జంకని మనిషి గొంతు సన్నగా పలికింది. “అక్కడ బావలుంటారేటి?”

“మీరెల్లినాక ఉంటారు,” అన్నాను.